రెండు సున్నాలు

జూన్ 2

అక్క తన పుస్తకాలన్నీ ఇచ్చేస్తుందట. నాలుగు బీరువాలూ. లైబ్రరీకి ఫోన్ చేసి మాట్లాడేసింది కూడా, ముప్పయ్యో తారీఖున బండి తెచ్చుకుని పట్టుకుపోతారట. నేను ప్రెస్సు నుంచి వచ్చి ఇంకా చెప్పులు విప్పలేదు, గుమ్మంలోనే ఈ కబురు.

"చూపు లేని మనిషికి ఇన్ని పుస్తకాలెందుకే బుల్లీ, దుమ్ము చేత కాపురం పెట్టించడానికా?" అంది.

నేను చదివి వినిపిస్తానుగా అన్నాను. నువ్వు రెండో పేజీకే ఆవులిస్తావు, నీ ఆవులింతలు వినడానికా ఆ రచయితలు అంత కష్టపడి రాసింది అంది. నిజంగానే ఆవులిస్తాను.

ముప్పై ఏళ్ళు ప్రూఫులు దిద్దిన మనిషి. చూపు పోయి రెండేళ్ళయింది. ఆ రెండేళ్ళలో నా ముందు ఒక్కసారి కూడా ఏడవలేదు. ఇవాళ ఈ కబురు చెప్పి కుర్చీలో కూర్చున్న తీరు మాత్రం ఏడుపు కంటే అన్యాయంగా ఉంది. పుస్తకాలు పోతే పోనీ. చదవడం అనే పనికే తాళం వేసేస్తోంది, అదీ నా భయం.

జూన్ 3

గొంతుక సంగతి మళ్ళీ ఎత్తాను. పుస్తకం పేజీని ఫోటో తీస్తే అందులో అక్షరాలు పట్టుకుని పైకి చదివే ప్రోగ్రాం అది. ఎవరో కొంతమంది ఊరికే రాసిపెట్టి, లోపలి కోడంతా అందరికీ తెరిచి ఉంచారు. ఎవరైనా చూడొచ్చు, చేతనైతే దిద్దొచ్చు. పోయినేడు అక్క దాన్ని ఒక పూట విని, ఇయర్‌ఫోన్ చెవిలోంచి తీసి బల్ల మీద పడేసింది. ఎందుకని అడిగితే "అది నన్ను వెక్కిరిస్తోంది" అంది. ఇవాళా అదే మాట.

మెషీను వెక్కిరించడమేమిటి. అక్కకి కోపం వస్తే గోడ గడియారం మీద కూడా చాడీలు చెబుతుంది.

జూన్ 4

ప్రెస్సులో నాకు ఒంటిపూట పనే మిగిలింది కాబట్టి మధ్యాహ్నాలు కంప్యూటర్ క్లాసుకి పోతున్నాను. సైకిల్ రిపేరు షాపు మీద గది. పద్దెనిమిది మంది పిల్లలూ, నలభై నాలుగేళ్ళ నేనూ. ప్రోగ్రాములు రాయడం మొదలుపెట్టి మూడు నెలలు.

ఇవాళ ఒకమ్మాయి అడిగింది, మేం ఓపెన్ సోర్స్‌లో పని చేయొచ్చా అని, అంటే గొంతుకలా కోడు తెరిచి ఉంచినవాటిలో. సారు సుద్దముక్క కింద పెట్టి మరీ చెప్పారు. నేర్చుకుంటున్నవాళ్ళు ఆ జోలికి పోకూడదట. అక్కడ పెద్ద పెద్దవాళ్ళుంటారట, మన తప్పులు సరిచూడటానికి వాళ్ళ టైమంతా పోతుందట. రెండేళ్ళు బాగా నేర్చుకుని అప్పుడు వెళ్ళమన్నారు. తర్వాత నావైపు చూసి నవ్వారు. "ముందు సున్నా దాటండి, తర్వాత చూద్దాం."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. సారు మంచివారే, ఆ మాట నన్ను ఉద్దేశించి అనలేదు. అస్సలు బాధపడలేదు.

జూన్ 5

గొంతుక వాళ్ళ సైటులో చేరాను. పేరు అడిగితే "సున్నా" అని కొట్టాను. సారు మీద కోపంతో కాదు.

జూన్ 7

కోడు తెరిచి చూస్తే సగం అర్థం కాలేదు, మిగతా సగం అసలు అర్థం కాలేదు. కానీ ఒక తప్పు దొరికింది. "వినిపించు" అనే మాటని ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తూ నడిమి ఐ అక్షరం మింగేశారు. ఒక చోట కాదు, నలభై ఒక్క చోట్ల. ఎన్నేళ్ళుగా ఇంతమంది చూస్తూ ఎలా ఊరుకున్నారో. నలభై ఒకటీ దిద్ది పంపాను. ఇలా పంపేదాన్ని వాళ్ళక్కడ దిద్దుబాటు అంటారట. ఆ మాట చూసి పుట్టింటికొచ్చినట్టు అనిపించింది.

జవాబు కోసం నేనేం ఎదురుచూడను. వచ్చినప్పుడు వస్తుంది.

జూన్ 8

ఏడుసార్లు చూశాను. ఊరికే.

జూన్ 9

జవాబు వచ్చింది. అక్కడ పెత్తనం చూసేవారు గుడ్లగూబ బొమ్మ పెట్టుకుంటారు, పేరు తెలీదు. రాసింది ఇది:

"సున్నా గారూ, స్పెల్లింగు మీరన్నదే సరైనది. కానీ బయట వందలమంది ప్రోగ్రాములు దీన్ని ఈ తప్పు పేరుతోనే పిలుస్తాయి. మీ దిద్దుబాటు తీసుకుంటే అవన్నీ ఒక్కసారిగా మూగబోతాయి. ఆ తప్పు మీద చాలామంది ఇళ్ళు కట్టుకున్నారు. తీసుకోలేను, మన్నించండి."

ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. ఇంట్లో అక్క తప్ప ఎవరూ లేరు, అక్కకి కనపడదు. అయినా వెళ్ళి ముఖం కడుక్కున్నాను.

జూన్ 10

సారు చెప్పిందే రైటు. ఇక ఆ జోలికి పోను.

జూన్ 12

రెండు రోజులుగా నా మూతి ముడుచుకుని ఉన్న సంగతి అక్క నా గిన్నెల చప్పుడులోనే పట్టేసింది. చెప్పక తప్పలేదు. చెప్పాక పడీ పడీ నవ్వింది. ఈ ఇంట్లో ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో.

మన ప్రెస్సులో ఒక రచయిత మొదటి పుస్తకం మీద పేరులో వత్తు ఎగిరిపోయింది గుర్తుందా అని అడిగింది. ఆయన లబోదిబోమన్నాడు, ఈలోగా ఆ పుస్తకం అమ్ముడుపోయి ఊరంతా ఆ పేరు పాకింది. రెండో పుస్తకానికి అక్క వత్తు పెడితే, ఆయనే పరుగున వచ్చి తీసేయమన్నాడట. చచ్చేదాకా వత్తు లేకుండానే సంతకం పెట్టాడు.

"వాడెవడో గుడ్లగూబ, పని తెలిసినవాడు" అంది. "నిన్ను తిట్టలేదుగా, కారణం చెప్పాడు. నేనైతే ప్రూఫు నీ ముఖాన కొట్టేదాన్ని."

కొట్టేది కూడా. అక్క దగ్గర నేను పదిహేనేళ్ళు పనిచేశాను. ఆఖరి ప్రూఫు చూసి, తప్పుల్లేకపోతే "అచ్చుకు పంపొచ్చు" అని ఒక మాట అనేది. నేను దిద్దిన పేజీ మొదటి చూపులో ఆ మాట అనిపించుకున్నది ఒక్కసారీ లేదు. ఎక్కడో ఒక కామా దొరికేది.

నవ్వు ఆగాక, ఇక ఆ గొంతుక గోల ఎందుకులే, ముప్పయ్యో తారీఖు దగ్గరపడుతోంది అంది.

జూన్ 14

ఇది వివరంగా రాయాలి.

పొద్దున్నే అక్కని పట్టుకుని కూర్చోబెట్టాను. వెక్కిరిస్తుందంటున్నావుగా, ఎక్కడ వెక్కిరిస్తుందో చూపించు, తర్వాత నీ ఇష్టం అన్నాను. పాత నవల ఒకటి తీసి మొదటి పేజీ ఫోటో కొట్టి గొంతుకకి ఇచ్చాను. అది మొదలుపెట్టింది. "ఆమె ఆ పుస్తక సున్నా తెరిచి రె సున్నా డు పేజీలు చదివి సు సున్నా దర సున్నా గా నవ్వి సున్నా ది."

నేను నోరు తెరిచేశాను.

అక్కని ప్రెస్సులో అందరూ సున్నాలావిడ అనేవాళ్ళు. ప్రూఫు సరిచూడటానికి మేమిద్దరం ఎదురెదురుగా కూర్చునేవాళ్ళం, అక్క రాతప్రతి చూసి పైకి చదివేది, నేను అచ్చు చూసి దిద్దేదాన్ని. మా పాత టైపుల్లో సున్నాలు తరచు రాలిపోయేవి. అందుకని అక్క ప్రతి సున్నానీ విడిగా పలికేది. పుస్తక సున్నా. అ సున్నా ద సున్నా. కుర్రకారు వెనక నుంచి అనుకరించేవాళ్ళు. పాపం, పోయినేడు ఈ మెషీను కూడా మొదలుపెట్టిందనుకుని చెవిలోంచి తీసి పడేసింది. నవ్వాలో ఏడవాలో తెలీలేదు, రెండూ చేశాను.

తర్వాత తెర మీద చూశాను. అక్షరాలు శుభ్రంగా ఉన్నాయి. "పుస్తకం" అనే ఉంది. నేనే స్వయంగా "పుస్తకం" అని టైపు చేసి ఇస్తే బుద్ధిగా పుస్తకం అని చదివింది. ఫోటోలోది ఇస్తే పుస్తక సున్నా. రెండూ పక్కపక్కన పెట్టి ముక్కు ఆనించి చూసినా తేడా లేదు. మెషీనుకి పిచ్చి పట్టిందన్నాను.

అక్క ఒక్క మాట అంది, చేరిన మొదటిరోజు నాకు చెప్పిన మాటే. "ఉందనుకున్నది చదవకు. ఉన్నది చదువు."

క్లాసులో మొదటి వారమే చెప్పారు, కంప్యూటరుకి అక్షరాలు తెలీవు, ఒక్కో అక్షరానికీ లోపల ఒక నంబరుంటుంది అని. ఆ నంబర్లు బయటికి తీసే నాలుగు లైన్ల ప్రోగ్రాం నేను రాయగలను. రాయగలిగింది దాదాపు అదొక్కటే. రాశాను. నేను టైపు చేసిన సున్నా మూడువేల డెబ్భై నాలుగు. ఫోటోలోంచి వచ్చిన సున్నా మూడువేల నూట డెబ్భై నాలుగు.

అవి రెండూ వేరువేరు. ఫోటోలోంచి వచ్చిన పుస్తక౦ చివర ఉన్నది అక్షరం సున్నా కాదు, తెలుగు అంకెల్లో సున్నా. ఒకటి, రెండు, మూడు ఉన్నాయే, వాటి జాతిది. చూడ్డానికి రెండూ ఒకే గుండ్రం. ఫోటోలో అక్షరాలు పట్టుకునే ముక్క తెలీక అంకెని పెడుతోంది, చదివే ముక్క ఉన్నది ఉన్నట్టు సున్నా అని చదువుతోంది. అక్క నేర్పినట్టే చదువుతోంది.

అక్కతో చెబితే ఫోన్ తడిమి తన దగ్గరికి లాక్కుంది. తర్వాత "అయితే వెక్కిరించలేదన్నమాట" అంది.

జూన్ 15

గొంతుక సైటులో పాత ఫిర్యాదులన్నీ తిరగేశాను. "పదం మధ్యలో సున్నా అని చదువుతోంది" అని పదకొండు ఫిర్యాదులు, ఆరేళ్ళ కిందటి నుంచి. అన్నిటి కిందా ఒకటే జవాబు. "మా దగ్గర బాగానే చదువుతోంది." తర్వాత మూసేశారు. చదవదూ మరి, వాళ్ళు ఆ పదాన్ని చేత్తో టైపు చేసి చూస్తే.

నవ్వొచ్చింది. మా ప్రెస్సు యజమాని కూడా అచ్చు ఇలాగే అనేవాడు.

జూన్ 16

రెండు సున్నాలనీ పెద్దవి చేసి, ఫోటో తీసి, ఎర్ర గీతలు గీసి పంపాను. గంటలో గుడ్లగూబ జవాబు: "బొమ్మలు పంపకండి. మాటల్లో రాయండి."

అంతే. నమస్కారం కూడా లేదు. ఎర్ర గీతలకి నాకు అరపూట పట్టింది. ఇలాంటి పొగరు మనుషుల దగ్గరికా నేను వెళ్ళింది.

జూన్ 18

అక్క సతాయింపు పడలేక మాటల్లో రాశాను. అక్క చెబుతూంటే నేను టైపు చేశాను, అదీ ఒక ముచ్చటే. ఇవాళ జవాబు. ఇది మాత్రం మొత్తం కాపీ చేసుకుంటున్నాను.

"సున్నా గారూ, మొన్న కటువుగా రాశాను, క్షమించండి. నాకు పుట్టుకతో చూపు లేదు. కోడు కూడా విని రాస్తాను, అందుకే బొమ్మలు వద్దన్నాను. ఈ రెండు సున్నాలూ నాకు ఎప్పుడూ వేరుగానే వినపడ్డాయి, టైపు చేసినవాళ్ళ తప్పనుకున్నాను. చూపున్న మావాళ్ళకి రెండూ ఒకటిగా కనపడ్డాయి, ఫిర్యాదు చేసినవాళ్ళ తప్పనుకున్నారు. ఒకరు చూస్తూ ఒకరు వింటూ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలని ఆరేళ్ళలో మాకెవరికీ తట్టలేదు. మీరే దిద్దుతారా? చదివే ముక్కలో దిద్దితే చాలు, ఫోటో ముక్క వేరేవాళ్ళది. నెలాఖరుకి కొత్త వెర్షన్ వస్తుంది. ఇరవై ఎనిమిదిలోపు పంపితే అందులో కలుపుతాను."

ఎర్ర గీతలు గీసి పంపాను, ఛీ, ఎంత సిగ్గుపడ్డానో. ఆ తర్వాత మూడోసారి చదివినప్పుడు తట్టింది. మీరే దిద్దుతారా అని అడిగారు. నన్ను.

జూన్ 20

దిద్దేశాను. ఎంత తేలికో. ఎక్కడ అంకె సున్నా కనపడితే అక్కడ అక్షరం సున్నా పెట్టమన్నాను. పుస్తకం, రెండు, సుందరంగా. గాల్లో తేలిపోతున్నాను. సారుకి ఏ ముఖంతో చెప్పాలో కూడా ఆలోచించుకున్నాను, చాలా వినయంగా చెబుతాను.

జూన్ 21

చెప్పకపోవడమే మంచిదయింది. పాత పుస్తకాల్లో పేజీ నంబర్లు తెలుగు అంకెల్లో ఉంటాయి. పదో పేజీ, అంటే ౧౦, రాగానే మెషీను "ఒకటిమ్" అంది. ఇరవయ్యో పేజీకి "రెండుమ్". అక్క నవ్వలేక కుర్చీలో దొర్లింది.

ఒక జబ్బు కుదిర్చి ఇంకోటి అంటించాను.

జూన్ 22

రోజంతా తల బద్దలు కొట్టుకున్నాను. పదుల లిస్టు ఒకటి, వందల లిస్టు ఒకటి, సంవత్సరాల లిస్టు ఒకటి పెడదామనుకున్నాను. అక్క బట్టలు మడతపెడుతూ, మీ కంప్యూటరు వాళ్ళకి ఇంత చదువెందుకో అంది.

"పక్కన ఎవరున్నారో చూడవే. ముందు అక్షరం ఉంటే అది అక్షరం. ముందు అంకె ఉంటే అది అంకె. ముందు ఎవరూ లేకపోతే ఒట్టి సున్నా. మనం ప్రూఫులో అలాగేగా పోల్చుకునేది?"

నిజమే. పదిహేనేళ్ళు చేసిన పని, కంప్యూటరు ముందు కూర్చోగానే మర్చిపోయాను. ఎనిమిది లైన్లయింది మొత్తం.

జూన్ 24

దిద్దుబాటుతో పాటు పరీక్ష పదాలు కూడా పంపాలి, మళ్ళీ ఎవరైనా చెడగొడితే వెంటనే తెలిసేలా. నలభై చాలన్నారు గుడ్లగూబ గారు. అక్క కళ్ళు మూసుకుని (అలవాటు) మూడువందల పన్నెండు చెప్పింది. సున్నా మధ్యలో వచ్చేవి, చివర్లో వచ్చేవి, రెండు సున్నాలున్నవి, అంకె పక్కన అక్షరం వచ్చే "౧౦వ" లాంటివి. భోజనానికి లేవమంటే లేవలేదు. రెండేళ్ళలో మొదటిసారి నా మీద పనిలో కేకలేసింది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

కానీ సాయంత్రం లైబ్రరీ నుంచి ఫోన్ వస్తే, ముప్పయ్యో తారీఖు రమ్మనే చెప్పింది. ఇది నీ సరదా, అది నా నిర్ణయం అంది.

జూన్ 25

పంపాను.

జూన్ 26

మూడు తప్పులు పట్టి వెనక్కి పంపారు. ఒకటి, నేను పెట్టిన పేరు ఎవరికీ అర్థం కాదు. రెండు, పేజీ మొదట్లోనే సున్నా ఉంటే ముందు ఎవరున్నారో చూడబోయి ప్రోగ్రాం కూలిపోతుంది. మూడు, ఒక కామా.

కామా చూసి అక్కకి పట్టరాని సంతోషం. ఈసారి ముఖం కడుక్కోలేదు. ప్రూఫు వెనక్కి రావడమంటే ఎవరో శ్రద్ధగా చదివారని అర్థం. ఇది నాకు పదిహేనేళ్ళుగా తెలుసు, అయినా జూన్ తొమ్మిదిన గుర్తురాలేదు.

జూన్ 27

మూడూ దిద్ది పంపాను. ఎదురుచూస్తున్నాను. అబద్ధమెందుకు, ఊపిరి బిగబట్టి ఎదురుచూస్తున్నాను.

జూన్ 28

కలిపేశారు. కలిపేశారు. కలిపేశారు.

జూన్ 29

సారుకి చూపించాను. వినయంగా చూపించాలనుకున్నాను, కుదరలేదు, పళ్ళన్నీ బయటపెట్టే చూపించాను. ఆయన ఆ ఎనిమిది లైన్లూ నిలబడే చదివారు, తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుని మళ్ళీ చదివారు. ఆయన కుర్రతనంలో ఇలాంటి చోటికే ఒకటి పంపితే వాళ్ళు నలుగురిలో వెటకారం చేశారట. ఆ తర్వాత ఎప్పుడూ పంపలేదట. మమ్మల్ని వద్దన్నది అందుకు. ఆ మాట మెల్లిగా, నాకొక్కదానికే చెప్పారు. తర్వాత క్లాసు ముందుకి పిలిచి మీరే చెప్పండి అన్నారు.

నేనేం చెప్పానో సరిగ్గా గుర్తులేదు. వెళ్ళమనే చెప్పాను. మనకి కోడు రాకపోవచ్చు, ఇంకేదో పని వచ్చే ఉంటుంది, దాన్ని వెంట తీసుకుని వెళ్ళండి, అక్కడివాళ్ళకి అది తెలియకపోవచ్చు అన్నాను. స్పెల్లింగు మాత్రం అడక్కుండా దిద్దకండి అన్నాను. అందరూ నవ్వారు, ఈసారి నవ్వు వేరు.

జూన్ 30

పదింటికి లైబ్రరీ ఆవిడ, బండి డ్రైవరూ వచ్చారు. అట్టపెట్టెలు హాల్లో పరిచారు. కొత్త వెర్షన్ తొమ్మిదిన్నరకే వచ్చింది, నేను అక్క ఫోన్లో వేసి ఉంచాను. అక్క వాళ్ళని ఒక్క పావుగంట కూర్చోమంది.

ఫోన్ చేతిలోకి తీసుకోగానే గొంతుక తనంతట తనే కొత్తగా ఏం మారాయో చదవడం మొదలుపెట్టింది. "పదాల్లో సున్నాలు ఇక సరిగ్గా పలుకుతాయి. దిద్దినవారు, సున్నా. ఇది వారి మొదటి దిద్దుబాటు. పరీక్ష పదాలు ఇచ్చినవారు, సున్నాలావిడ."

అక్క పేరు రాయమని గుడ్లగూబ గారిని అడిగింది నేనే. అక్కకి చెప్పలేదు. అక్క చెయ్యి నా కోసం వెతికింది. దొరికాక గట్టిగా పట్టుకుంది.

"ఈ సున్నాలు రెండూ మాత్రం ఉండాల్సిన చోటే ఉన్నాయి" అంది.

తర్వాత పాత నవల తెమ్మంది. అదే మొదటి పేజీ ఫోటో తీశాను. అక్క నిటారుగా కూర్చుంది, కుడిచేతి చూపుడు వేలు బల్ల మీద పెట్టింది. ప్రెస్సులో తప్పు దొరికితే ఆ వేలితో ఠంగుమని కొట్టేది. గొంతుక చదవసాగింది. ఆమె ఆ పుస్తకం తెరిచి రెండు పేజీలు చదివి సుందరంగా నవ్వింది. నేను ఆ వేలినే చూస్తున్నాను. లైబ్రరీ ఆవిడ కూడా ఎందుకో ఆ వేలినే చూస్తోంది. పేజీ సగమైంది, వేలు కదల్లేదు. కిందికొచ్చింది, కదల్లేదు. చివర "పదో పేజీ చూడుము" అని పేజీ అడుగున ఒక గమనిక ఉంది, ఆ పది తెలుగు అంకెల్లో. నాకు ఆ "ఒకటిమ్" గుర్తొచ్చింది. గొంతుక పదో పేజీ చూడుము అని చదివి ఆగింది.

బండి ఖాళీగానే వెళ్ళింది. పూర్తి ఖాళీగా కాదు, నూట పన్నెండు అచ్చుతప్పులున్న కవితా సంపుటి ఒకటి ఉంటే, దాన్ని మాత్రం అక్క సంతోషంగా ఇచ్చి పంపింది. అట్టపెట్టెలు మిగతావి పట్టుకుని వాళ్ళు మెట్లు దిగుతూంటే, నేను తలుపు దగ్గర నిలబడి అడిగాను, ఎలా ఉందక్కా అని.

అక్క బల్ల మీంచి వేలు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"అచ్చుకు పంపొచ్చు" అంది.